ముందు బండి

అన్వర్ బాషాకు ఎడారి కొట్టిన పిండి అని కువైట్‌లో, అల్ రాయ్‌లోని మా పంక్చర్ షాపుకొచ్చే తెలుగువాళ్లందరికీ తెలుసు. వాళ్లకెవరు చెప్పారంటే, బాషానే చెప్పాడు. శుక్రవారం వచ్చి పాత టైరు మీద కూర్చుని, నేను తెప్పించిన టీ తాగుతూ, ఇసుక రంగు చూసి బండి దిగబడేదీ లేనిదీ ఎట్లా కనిపెట్టాలో, గాలి తిరిగితే దారి ఎట్లా మాయమవుతుందో చెప్పేవాడు. మధ్యమధ్యలో కళ్లు సగం మూసేవాడు. ఆ సగం మూత చూస్తే నమ్మనివాడు కూడా నమ్మాల్సిందే. నేనైతే నోరు వెళ్లబెట్టుకుని వినేవాణ్ణి. టైర్లు విప్పడం, బిగించడం తప్ప ఎడారిలో కాలు పెట్టినవాణ్ణి కాదు మరి.

నిజమేమిటో ఇప్పుడే చెప్పేస్తాను. రాయచోటిలో బాషా లారీ క్లీనరు. కువైట్ వచ్చి అబూ సాలెం అనే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇంట్లో డ్రైవరుగా కుదిరాడు. చలికాలం వచ్చిందంటే కువైటీలకు ఇంట్లో కాలు నిలవదు. పాలరాతి ఇళ్లకు తాళాలేసి, ఎడారిలో గుడారాలు వేసుకుని పడుంటారు. దాన్ని ‘బర్’ అంటారు. గుడిసెల్లో పుట్టి మేడ కట్టుకోవాలని మేం అక్కడికి పోతే, మేడలున్నవాళ్లు గుడారంలో పడుకోవడానికి మమ్మల్ని జీతమిచ్చి తీసుకుపోతారు.

బర్‌కు పోయేటప్పుడు ముందు బండి అబూ సాలెం తోలేవాడు. వెనక జీఎంసీ బండిలో గుడారాలు, తివాచీలు, బొగ్గుల బస్తాలు, వంటమనిషి తిరుపాలమ్మ, వీటన్నిటితో బాషా. అతని పనల్లా ఒకటే. ముందు బండి చక్రం పడిన చోటే తన చక్రం పడాలి. ఆ పని మాత్రం అద్భుతంగా చేసేవాడు, అబద్ధమాడకూడదు. ఏళ్ల తరబడి పోయినా ఒక్కసారి దిగబడింది లేదు. దాంతో ఎడారి తనకు లొంగిందని అతనికే గట్టి నమ్మకం కుదిరింది. నిజానికి ఎడారిలో ముందు బండి వెనక భాగం తప్ప ఇంకేమీ చూడలేదు.

బర్‌లో నీళ్లు ట్యాంకరు తెచ్చి పోసేది. అది ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేది, తిరుపాలమ్మ ఎప్పుడూ దాని డ్రైవర్ని కడప జిల్లా తెలుగులో కడిగిపారేసేది. ఇది కూడా గుర్తు పెట్టుకోండి.

తొంభైలో ఆగస్టు నెల మొదట్లో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. అప్పటికి అబూ సాలెం పెళ్లాం పిల్లలతో లండన్‌లో చల్లగా ఉన్నాడు. వాళ్లమ్మ ఒక్కతే ఆ ఊరి తిండి నోట్లోకి పోదని ఇంట్లో ఉండిపోయింది. ఇంట్లో పనివాళ్లంతా ఆమెను పెద్ద మామా అనేవాళ్లు. అక్కడ మామా అంటే అమ్మ. మోకాళ్ల నొప్పులు, చేతికర్ర, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. వీధి చివర సైనికులు కాపలా పెట్టారు. పక్కిళ్లలో మగవాళ్లను తీసుకుపోతున్నారు, బండ్లు లాక్కుంటున్నారు. అట్లాంటప్పుడు, కొడుకు సరిహద్దు అవతల సౌదీకి వచ్చి తల్లి కోసం కాచుకుని ఉన్నాడని ఎవరో కబురు మోసుకొచ్చారు. తారు రోడ్డంతా సైన్యమే. ఎడారి దారొక్కటే మిగిలింది.

‘అన్వర్‌కు దారి తెలుసు కదా’ అంది పెద్ద మామా. ఆమెకా సంగతి తిరుపాలమ్మ చెప్పింది. తిరుపాలమ్మకు బాషా చెప్పాడు.

తెలియదు అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. ‘ఐవా మామా’ అన్నాడు బాషా, తెలుసమ్మా అని. అని, ఒళ్లంతా చెమటలు పట్టి, నేరుగా నా దగ్గరికొచ్చాడు.

మా షాపు ఓనరు నా పాస్‌పోర్టు బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని ఎటో పారిపోయాడు. నేను షాపులోనే టైర్ల మధ్య పడుకుంటున్నాను. మనవాళ్లు బస్సులెక్కి బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోతున్నారు, వాళ్లతో పోదామా అని ఆలోచిస్తున్నాను.

“ఓబులేసూ, ఆ బస్సులు ఎప్పుడు చేరేది? నాతో రాబ్బా. పొద్దున పోతే మజ్జానానికి సౌదీలో ఉంటాం. టైర్ల సంగతి తెల్సినోడు ఒకడుండాల” అన్నాడు.

“దారి?”

బాషా కళ్లు సగం మూశాడు. నేను గాలి మీటరు, జాకీ తీసుకుని బండెక్కాను.

తెల్లారి బయల్దేరదామని ఆ ఇంటికి పోతే, తిరుపాలమ్మ సామాను సర్దేసింది. ఎడారికి పోవడమంటే ఆమెకు తెలిసింది ఒకే తీరు. గుడారం, కొయ్యలు, మేకులు, తివాచీ, దిండ్లు, బొగ్గులు, అరబ్బుల కాఫీ ఖావా కాచే కూజాలు, వీటన్నిటి మీదా బర్ పెట్టె. పెట్టె తెరిచి చూస్తే దాన్నిండా గొర్రెతోలు కోట్లు.

“అక్కా, నిప్పుల్లాంటి ఎండలు కాస్తాంటే ఈ కోట్లెందుకక్కా?” అన్నాను.

“బర్ పెట్టె అంటే బర్ పెట్టెనే అబ్బీ. దాంట్లో ఏముండాల్నో అవి ఉంటాయి. రేపు మామా ఫలానాది యాడ తిరుపాలూ అంటే నువ్వొచ్చి చెప్తావా?”

చెప్పలేను కాబట్టి ఊరుకున్నాను. తాగడానికని ఒక్క క్యాను నీళ్లు పెట్టింది. అంతకన్నా ఎక్కువ ఎందుకు పెట్టలేదని ఎవరూ అడగలేదు. బర్‌కు ఎవరూ నీళ్లు మోసుకుపోరు. ట్యాంకరు వస్తుంది.

సందుల్లోంచి సందుల్లో పడి, ఊరు దాటి, తారు రోడ్డు దిగాం. అక్కడ నా పని నేను చేశాను. నాలుగు టైర్లలో గాలి సగానికి దించాను. టైరు మెత్తబడి వెడల్పయితే ఇసుక మీద తేలుతుంది. ఎడారి గురించి ఆ బండిలో ఎవరికైనా నిజంగా తెలిసిన విద్య అదొక్కటే.

తర్వాత బాషా డ్రైవింగు చూశాను. కాసేపు ఎడమకు, కాసేపు కుడికి, మళ్లీ ఎడమకు తిప్పుతున్నాడు. చుట్టూ ఎటు చూసినా ఒకే ఇసుక, నాకు తేడా తెలిస్తే ఒట్టు. ఇదేదో మెత్తటి చోట్లు తప్పించే నేర్పు అనుకుని లోపల్లోపల మెచ్చుకున్నాను కూడా. జరుగుతున్నదేమిటో ఆ రోజు సాయంత్రానికి గానీ తెలియలేదు. పెద్ద మామా అరబ్బు ముసలావిడ కదా, గుడారంలోనే పుట్టుంటుంది, తప్పు దారి పడితే చెప్పకపోతుందా అని బాషా అద్దంలో ఆమె మొహమే చూస్తూ తోలుతున్నాడు. ఆమె మొహం ఎటు తిప్పితే స్టీరింగు అటు. ఆమేమో, అంత దారి తెలిసిన మనిషికి మనం చెబితే చిన్నబుచ్చినట్టవుతుందని నోరు విప్పడం లేదు. ఎండ మీద పడ్డప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకుంటోంది, అంతే.

మధ్యాహ్నానికి ఇంజను సెగలు కక్కింది. ఉన్న క్యాను నీళ్లు రేడియేటరు తాగేసింది. గుక్క మిగల్లేదు. బాషా దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని దూరంగా చూస్తున్నాడు. ఆ చూపులో ఏమీ లేదని అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది, వచ్చాక భయం కూడా వచ్చింది. పెద్ద మామా పెదాలు ఎండిపోయి తెల్లబడ్డాయి. ఆమె ఈ ఇసుకలో పోతే కొడుక్కి ఏం చెప్పాలి, మేం పోతే మా ఇళ్లకు చెప్పేదెవరు?

“నీళ్ల బండి వచ్చాదిలే” అంది తిరుపాలమ్మ, గిన్నెలు బయట పెడుతూ.

ఆమెకు ఎండ దెబ్బ తగిలి మతి పోయిందనుకున్నాను. కానీ కాసేపటికి దుమ్ము లేచింది. దుమ్ములోంచి నీళ్ల ట్యాంకరు వచ్చింది.

తిరుపాలమ్మ కడవ చంకనేసుకుని ఎదురుపోయింది. “ఇప్పుడా వచ్చేది? నీ ఇల్లు బంగారం గానూ, గిన్నెలు ఎండిపోయి ఎంతసేపాయె! అడిగేవాళ్లు లేరనా?” అని డ్రైవరు కిటికీ కింద నిలబడి ఎప్పటిలాగే అందుకుంది. అప్పుడు తలుపు తెరిచి దిగినవాడి భుజానికి తుపాకీ కనిపించింది. “ఓరి దేవుడో” అని కడవ అడ్డం పెట్టుకుంది.

ఇద్దరే సైనికులు. ఒకడు నెరిసిన మీసాలవాడు, ఇంకొకడు బక్క డ్రైవరు. వాళ్లను చూసి మేం బండి చాటుకు జరిగాం. మమ్మల్ని చూసి వాళ్ల మొహాలు వెలిగిపోయాయి. జహ్రా అనే ఊరి దగ్గరున్న తమ దళానికి నీళ్లు తీసుకుపోతూ దారి తప్పారట. పొద్దున్నుంచీ ఎక్కడ తిరుగుతున్నారో వాళ్లకే తెలియదు. మీసాలవాడు పెద్ద మామాను చూసి ‘యుమ్మా’ అన్నాడు, అమ్మా అని. ఎవరు, ఎక్కడికి అని ఒక్క మాట అడగలేదు. ఊరి నిండా మనుషుల్ని ఆరాలు తీసే సైన్యంలో వీడొకడు ఎట్లా మిగిలాడో! మా గిన్నెలు, కడవలు, క్యాను, రేడియేటరు అన్నీ నింపాడు.

గ్లాసుల కోసం తిరుపాలమ్మ బర్ పెట్టె తెరిస్తే కోట్లు బయటపడ్డాయి. బక్కవాడు పగలబడి నవ్వాడు. మీసాలవాడూ నవ్వాడు గానీ, నవ్వుతూనే ఒక కోటు చేతిలోకి తీసుకుని బొచ్చు నిమిరి, “ఇది నాకిస్తావా అమ్మా? చలికాలం వస్తుంది కదా” అని పెద్ద మామాను అడిగాడు. చలికాలం దాకా ఇక్కడే ఉంటామని వాడికి ఎవరు చెప్పారో. పెద్ద మామా కాసేపు వాణ్ణి చూసి, “తీసుకో నాయనా” అంది.

వెళ్లేటప్పుడు వాడు బాషా భుజం మీద చెయ్యేశాడు. “సదీక్, దోస్తూ, నువ్వు డ్రైవరువి. జహ్రా ఎటు?”

ఆ ప్రశ్న వినగానే బాషా ప్రాణం లేచొచ్చింది. కళ్లు సగం మూశాడు. చెయ్యెత్తి ఒక వైపు చాచాడు. “సీదా” అన్నాడు. తిరుగులేని మాట. ట్యాంకరు అటే పోయింది.

“మన కంటికి ఆనకుండా పంపించేసినా చూడు. ఇంగ మనం ఎదురుదిక్కు పోతే సౌదీనే” అన్నాడు నాతో, మీసం మీద చెయ్యేసి.

ఎదురుదిక్కుకు పోయాం. ఒక దిబ్బ ఎక్కగానే కింద బారులు తీరి గుడారాలు, వాటి మధ్య ట్యాంకులు. ఇవి నీళ్లు మోసే ట్యాంకులు కావు. బాషా బండి ఎంత వేగంగా వెనక్కి తిప్పాడో, ఎంత దూరం తోలాడో తెలియదు. చివరికి మేం నీళ్లు పట్టుకున్న చోటే మళ్లీ తేలి, బండి ఆపి, స్టీరింగు మీద తల వాల్చేశాడు.

“మామా, నాకు దారి తెలీదు. ఎప్పుడూ తెలీదు. అబూ సాలెం వెనకాల పోవడమే తెలుసు” అని అరబ్బీలో చెప్పి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎన్ని శుక్రవారాలు, ఎన్ని టీలు! వీణ్ణి జాకీ రాడ్డుతో ఒక్కటేసి దేశం ఉన్నన్నాళ్లూ జైల్లో కూర్చున్నా ఫర్వాలేదనిపించింది.

పెద్ద మామా తిట్టలేదు. “నాకూ తెలియదు అన్వర్. మా పుట్టిల్లు సముద్రం ఒడ్డు. పెళ్లయ్యేదాకా నేను గుడారం మొహమే చూడలేదు” అంది.

“మరి మీరు మొహం అటూ ఇటూ తిప్పి…”

“ఎండ, అన్వర్.”

ఇంజను గుర్రుమంటోంది. అప్పుడు తిరుపాలమ్మ వెనక నుంచి, గిన్నెల మధ్య ఇరుక్కుని, నిమ్మళంగా అంది. “బాషన్నా, నువ్వు ఆ నీళ్లోళ్లకు జహ్రా ఇటు అని చూపిచ్చినావు గదా. నువ్వు చూపిచ్చినావంటే అది జహ్రా కాదు. ఇంగ యాడికి పోతే మనకేం? అటే పోదాం పా.”

ఆ రోజు మొత్తంలో మాకు కచ్చితంగా తెలిసిన విషయం అదొక్కటే. నేను దిగి చూశాను. నీళ్ల బరువుతో ట్యాంకరు చక్రాలు ఇసుకలో లోతుగా దిగి, జాడ తాడు పరిచినట్టు పోయింది.

బాషా ముక్కు తుడుచుకున్నాడు. “వెనకాల పోయేదైతే నాకొచ్చుబ్బా” అన్నాడు.

అప్పుడు చూశాను అతని డ్రైవింగు. ఆ జాడలోంచి చక్రం వేలెడు పక్కకు జరగలేదు. దిబ్బల మీద, పల్లాల్లో, మెత్తటి ఇసుకలో, గేరు మార్చింది కూడా తెలియకుండా తోలాడు. అద్దంలోకి ఒక్కసారి చూడలేదు. అంత బాగా బండి తోలేవాణ్ణి నేను మళ్లీ చూడలేదు. కోపంగా ఉండి కూడా ముచ్చటేసింది.

పొద్దు వాలుతుండగా ఒక చౌకీ కనిపించింది. దాని మీద సౌదీ జెండా. దాని పక్కన మా నీళ్ల ట్యాంకరు! బాషా చూపించిన జహ్రా అదన్నమాట. ఆ ఇద్దరు సైనికులు లొంగిపోయి, నీడలో కూర్చుని టీ తాగుతున్నారు. మీసాలవాడు ఒళ్లో కోటు పెట్టుకుని, బాషాను చూడగానే లేచి “సదీక్!” అని రెండు చేతులూ ఊపాడు. వాణ్ణి ఇంతకన్నా మంచిచోటికి ఎవరు పంపగలరు? వాడి కళ్లల్లో నీళ్లు కనిపించాయి. శత్రువు ట్యాంకరును యుక్తితో సరిహద్దు దాటించిన ‘హిందీ’, అంటే ఇండియా, డ్రైవరు వీడేనని చౌకీ అంతా బాషా చుట్టూ మూగింది. బాషా కళ్లు మూతపడబోయి, నన్ను చూసి మళ్లీ తెరుచుకున్నాయి.

అంతలో అధికారి కాగితాలు అడిగాడు. పెద్ద మామా కువైటీ, ఆమెకు ఇబ్బంది లేదు, లోపలికి రమ్మన్నాడు. మా ముగ్గురి పాస్‌పోర్టులు? అవి కఫీళ్ల బీరువాల్లో భద్రంగా ఉన్నాయి. పైనుంచి మాట వచ్చేదాకా మేం సరిహద్దు గీత బయటే ఉండాలట, మాట రాకపోతే వెనక్కి పోవాలట. యుద్ధానికి వచ్చినవాళ్లకు లోపల టీ, వంట చేసేదానికి, బండి తోలేదానికి వచ్చిన మాకు బయట ఇసుక. అతనిది తప్పని నేను అనను. లొంగిపోయిన సైనికుడికి రూలుంది. మాకే రూలు రాసిపెట్టలేదు.

వెనక్కి పోవాలంటే ఆ సైన్యం గుడారాలూ ట్యాంకులూ దాటే పోవాలి. తిరుపాలమ్మ మొదటిసారి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పెద్ద మామా గీత దగ్గరదాకా పోయింది. నిలబడింది. కర్ర తాటించుకుంటూ వెనక్కి వచ్చింది.

“గుడారం వెయ్యండి” అంది.

బాషా మేకులు కొట్టాడు. నేను తాళ్లు లాగాను. తివాచీ పరిచాం, దిండ్లు వేశాం, బొగ్గులు రాజేశాం. అన్ని ఏళ్లలో అంత పద్ధతిగా వేసిన బర్ లేదని తిరుపాలమ్మ ఇప్పటికీ అంటుంది. పెద్ద మామా గీతకు ఇవతల, మా మధ్యలో కూర్చుని, అధికారికి ఖావా పంపింది. గుడారంలోంచి వచ్చిన ఖావా కాదనడానికి అతను కూడా అరబ్బే కదా. తాగాడు. తాగినవాడు ఆ గుడారం మనుషుల్ని తరమలేడు. తెల్లారాక అబూ సాలెం ఏవో సంతకాలతో వచ్చేదాకా అట్లాగే ఉన్నాం.

తల్లిని పట్టుకుని అబూ సాలెం భోరుమన్నాడు. “ఈ దారి ఎట్లా పట్టుకున్నారమ్మా?” అన్నాడు.

“అన్వర్ ఉన్నాడుగా” అంది పెద్ద మామా. అని మా ఇద్దరి వైపూ చూసింది. తిరుపాలమ్మ నేల చూపులు చూసింది. నేను నోరు కట్టేసుకున్నాను.

యుద్ధం ముగిసింది. అందరం మళ్లీ కువైట్ చేరాం, నేను మళ్లీ అల్ రాయ్‌లో టైర్ల మధ్య పడ్డాను. చలికాలం వచ్చింది. సైన్యం పోతూపోతూ ఎడారి నిండా మందుపాతరలు పాతిపోయింది. అన్నీ తీసేశామన్నారు, అక్కడక్కడ మిగిలి ఉండొచ్చనీ అన్నారు. అయినా కువైటీలకు బర్ లేకపోతే కాలు నిలవదు కదా. అబూ సాలెం రెండు బండ్లు కట్టాడు. టైర్ల గాలి చూడమని నన్నూ వెంటబెట్టుకున్నాడు.

తారు రోడ్డు చివర బండ్లు ఆగాయి. నేను గాలి మీటరు తీశాను. అబూ సాలెం వచ్చి బాషా వీపు తట్టాడు.

“అన్వర్, ఈసారి ముందు బండి నీది. నీకు తెలిసినట్టు ఈ ఎడారి నాకు తెలియదు. నీ చక్రం పడిన చోటే నా చక్రం వేస్తాను.”

అది మెచ్చుకోలో, పాతరల భయంతో పుట్టిన తెలివో ఆ మొహం చూసి నేను చెప్పలేకపోయాను. బాషా మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. దారి తెలియదని ఇప్పుడంటే, సరిహద్దు దగ్గర పెద్ద మామా ఆడిన మాట అబద్ధమవుతుంది. నా పక్కనే వంగి, టైరు చూస్తున్నట్టు నటిస్తూ, “ఓబులేసూ, ఏదో ఒకటి పగలగొట్టబ్బా, నీ కాళ్లు మొక్కుతా” అన్నాడు. ఆ మాట విని నాకు పాత కోపమంతా పోయింది. మేకు కోసం జేబులు తడుముకున్నాను.

అంతలో అబూ సాలెం బండి తలుపు తెరుచుకుంది. పెద్ద మామా దిగింది. కర్ర ఇసుకలో దిగబడుతుంటే మెల్లగా నడిచొచ్చి, జీఎంసీ వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

“నేను ముందు బండిలో వస్తాను. దారి తెలిసినవాడితో నాకేం భయం?” అంది కొడుకుతో.

అబూ సాలెం తల్లిని చూశాడు, ముందున్న ఇసుకను చూశాడు, పోయి తన బండిలో కూర్చున్నాడు. నేను బాషా పక్కన ఎక్కాను. బాషా స్టీరింగు పట్టుకుని కదలడం లేదు. చాలాసేపటికి కళ్లెత్తి అద్దంలోకి చూశాడు.

పెద్ద మామా అద్దంలోకే చూస్తోంది. మెల్లగా మొహం ఇంటి వైపు తిప్పింది. ఎండ ఆ పక్క లేదు, ఈ పక్కా లేదు, ఆకాశమంతా మబ్బు.

బాషా స్టీరింగు అటే తిప్పాడు. అబూ సాలెం బండి మలుపుకుని మా వెనక పడ్డాడు. ఇంటిదాకా తారు రోడ్డే అయినా, మా చక్రం పోయిన చోటే తన చక్రం పోనిస్తూ వచ్చాడు.